3 అంగుళాల సోడియం అయొడైడ్: సీసం ఎంత పేర్చినా 10 కేఈవీ కింద కౌంట్లు దిగడం లేదు

స్ఫటికం33:

థాలియం కలిపిన సోడియం అయొడైడ్ క్రిస్టల్ (రేడియేషన్ తగిలితే వెలిగేది), 3 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల ఎత్తు, బరువు 1.27 కిలోలు. అల్యూమినియం డబ్బాలో సీలు చేసి, ఒక వైపు పీఎంటీ (ఆ వెలుగుని కరెంటు పల్సుగా మార్చే ట్యూబు) అంటించి ఉంది. 900 వోల్టుల మీద నడుస్తోంది. అక్కడి నుంచి ప్రీయాంప్, 1 మైక్రోసెకను షేపింగ్ యాంప్లిఫయర్, ఎంసీఏ (పల్సులని ఎత్తుని బట్టి లెక్కపెట్టి స్పెక్ట్రమ్ ఇచ్చేది). చుట్టూ మామూలు సీసపు ఇటుకలు 10 సెం.మీ. గది నేలమట్టంలోనే ఉంది, భూగర్భం కాదు. కాలిబ్రేషన్‌కి సీజియం-137 గీత ఒక్కటే (662 కేఈవీ, అంటే కిలో ఎలక్ట్రాన్ వోల్టులు), దాని నుంచి సున్నాకి సరళరేఖ.

డార్క్ మ్యాటర్ ప్రయోగాలు చూసే 2–6 కేఈవీ ప్రాంతాన్ని ఈ సరంజామాతో ఎంతవరకు శుభ్రం చేయొచ్చో తేల్చుకోవాలి. సీసం 5 నుంచి 10 సెం.మీ. చేశాక 100 కేఈవీ పైన స్పెక్ట్రమ్ బాగా దిగింది. కానీ:

పొటాషియం-40 గామా పీక్ (1460 కేఈవీ) సీసం లేనప్పటి దానిలో 20వ వంతు దగ్గర ఆగిపోయింది. 75 కేఈవీ దగ్గర ముందు లేని గుట్ట ఒకటి లేచింది. 10 కేఈవీ కింద మాత్రం చలనమే లేదు, 2–6 కేఈవీలో రోజుకి, కిలోకి, కేఈవీకి 5000 దాటుతోంది. డామా (సోడియం అయొడైడ్‌తోనే డార్క్ మ్యాటర్ వెతికిన ఇటలీ ప్రయోగం) వాళ్లది ఇదే లెక్కలో దాదాపు 1.

ఇంకో 5 సెం.మీ. సీసం పెడితే లాభముందా? ఏడాదిపాటు ఆపకుండా నడిపితే డామా చెప్పే సీజనల్ మాడ్యులేషన్ (డార్క్ మ్యాటర్ వల్ల కౌంట్లు ఏడాది లయలో ఊగడం) జాడైనా దొరుకుతుందా?

నిశ్శబ్దకణం:

ఇటుకలు కొనకండి. సీసం రెట్టింపు చేసినా కదలనిది బయటి నుంచి వస్తున్నది కాదు. 10 కేఈవీ ఎక్స్‌రే అల్యూమినియంలో అర మిల్లీమీటరు దాటేసరికి 3 శాతమే మిగులుతుంది, దాని వెనక రిఫ్లెక్టర్ పొర కూడా ఉంటుంది. గామాలు కాంప్టన్ చెదరడం వల్ల తక్కువ శక్తి వదిలే మాట నిజమే. కానీ ఆ భాగం చదునుగా ఉంటుంది, సీసంతో పాటు దిగుతుంది కూడా. మీది దిగలేదు, పైగా కిందికి పోయేకొద్దీ నిటారుగా లేస్తోందంటే నూటికి తొంభై పాళ్లు పీఎంటీ నాయిస్.

చిన్న లెక్క వేసి చూడండి. గది ఉష్ణోగ్రతలో ఈ సైజు పీఎంటీ డార్క్ కౌంట్ (వెలుగు లేకపోయినా వచ్చే పల్సులు) సెకనుకి 1000 అనుకుందాం. రెండు ఒంటరి ఎలక్ట్రాన్ పల్సులు 250 నానోసెకన్ల లోపు యాదృచ్ఛికంగా పడే రేటు: 1000 × 1000 × 250 నానోసెకన్లు = సెకనుకి 0.25. రోజుకి 21,600. మీ షేపింగ్ 1 మైక్రోసెకను కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువ. మూటకట్టి అన్నిటినీ ఒకే గుట్టగా చూపించడమే షేపింగ్ యాంప్లిఫయర్ పని. లోపల ఏముందో దానికి తెలియదు.

అందుకే ముందు దాన్ని పక్కన పెట్టండి. పీఎంటీ ఆనోడ్ నుంచి 50 ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న డిజిటైజర్‌కి నేరుగా ఇవ్వండి. సెకనుకి 25 కోట్ల శాంపిళ్లు చాలు, ఒక్కో ఈవెంట్‌కి 8 మైక్రోసెకన్ల వేవ్‌ఫామ్ దాచండి, అందులో మొదటి 1 మైక్రోసెకను ట్రిగ్గర్‌కి ముందుది కావాలి (బేస్‌లైన్ కోసం, అంతకుముందు పల్సు తోక ఏమైనా ఉంటే పట్టుకోవడం కోసం).

ఇప్పుడు వేవ్‌ఫామ్‌లు కళ్లతో చూడండి, కనీసం ఒక రెండు వందలు. సోడియం అయొడైడ్ వెలుగు 230–250 నానోసెకన్ల డికే టైమ్‌తో ఆరుతుంది. కేఈవీకి 8 ఫోటోఎలక్ట్రాన్లు (వెలుగు పీఎంటీలో ఊడగొట్టే ఎలక్ట్రాన్లు) వస్తే 5 కేఈవీ ఈవెంట్ అంటే 40 ముళ్లు, మొదట్లో గుంపుగా, తర్వాత పలచబడుతూ, ఒక 600 నానోసెకన్ల మేర పరుచుకుని ఉంటాయి. నాయిస్ అలా ఉండదు. థర్మల్ పల్సు 5–10 నానోసెకన్ల ముల్లు ఒకటి, దాని పక్కన ఖాళీ. మ్యూయాన్ (కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి పడే కణం) లేదా బీటా కణం పీఎంటీ గాజు కిటికీలో చెరెన్‌కోవ్ వెలుగు పుట్టిస్తే పెద్ద ముల్లే వస్తుంది, కానీ 20 నానోసెకన్లలో అంతా అయిపోతుంది. మూడో రకం మోసకారి: ముందు భాగం లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి ముళ్లు 8 మైక్రోసెకన్లూ చల్లినట్టుంటాయి. అది క్రిస్టల్ ఫాస్ఫోరెసెన్స్. మ్యూయాన్ దాటినప్పుడు ఈ క్రిస్టల్‌లో 35 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే 1000 కేఈవీ) దాకా వదులుతుంది, ఆ తర్వాత మిల్లీసెకన్ల తరబడి క్రిస్టల్ మిణుకుతూనే ఉంటుంది.

కట్ పెట్టడానికి డామా వాడే రెండు నిష్పత్తులే చాలు: 100–600 నానోసెకన్ల ఛార్జిని 0–600 ఛార్జితో భాగించండి, 0–50 ఛార్జిని కూడా 0–600తో భాగించండి. 240 నానోసెకన్ల డికేకి మొదటిది 0.63, రెండోది 0.2 రావాలి. ముల్లు ఒక్కటే ఉంటే 0, 1 వస్తాయి. చిక్కెక్కడంటే 10 కేఈవీ దగ్గర 80 ఫోటోఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి మొదటి నిష్పత్తి చెదురు 0.05, 2 కేఈవీకి 16 మాత్రమే, చెదురు 0.12. అక్కడ మంచీ చెడూ కలిసిపోతాయి. ఒక్క పీఎంటీతో 2 కేఈవీ ఆశ వదులుకోండి. 5 దాకా నమ్మకంగా రాగలిగితే గొప్పే. పెద్ద ప్రయోగాలన్నీ క్రిస్టల్‌కి రెండు వైపులా పీఎంటీలు పెట్టి, 200 నానోసెకన్ల లోపు రెండూ పలికితేనే లెక్కలోకి తీసుకునేది ఇందుకే. అప్పుడు కూడా సెకనుకి 0.4 దాకా దొంగ కోఇన్సిడెన్సులు వస్తాయి, మిగతాది ఈ నిష్పత్తుల పని.

ఇంకొకటి. డిటెక్టర్‌ని కవచం బయటికి తీసినప్పుడు వోల్టేజీ డివైడర్ సాకెట్ ఊడదీసి ట్యూబ్‌లైటు వెలుగు తగలనిస్తే ఫోటోకాథోడ్ డార్క్ కౌంట్ పది రెట్లు పెరుగుతుంది. డార్క్ కౌంట్ పది రెట్లయితే దొంగ కోఇన్సిడెన్సులు వంద రెట్లు. చీకట్లో ఒక రోజు పడుకోబెట్టాకే డేటా మొదలుపెట్టండి.

సీసపుఇటుక:

75 కేఈవీ గుట్ట మీ ఇటుకలదే. సీసపు కె-ఎక్స్‌రేలు 72.8, 75.0, 84.9 కేఈవీ, మీ క్రిస్టల్ రిజల్యూషన్‌కి మూడూ ఒకటైపోయాయి. లోపలి గోడకి రాగి రేకు వేస్తే పోతుంది: 3 మి.మీ. పెడితే పదో వంతు మిగులుతుంది, 5 మి.మీ. పెడితే యాభయ్యో వంతు. రాగి సొంత ఎక్స్‌రే 8 కేఈవీది, అది అల్యూమినియం డబ్బా దాటి రాదు. రేకు పెట్టేముందు ఆల్కహాల్‌తో తుడిచి, గ్లవ్స్‌తోనే పట్టుకోండి. చేతి చెమటలో పొటాషియం ఉంటుంది.

1460 సంగతి అసలు ఆసక్తికరం. ఆ శక్తి దగ్గర సీసం సెంటీమీటరుకి 0.59 చొప్పున ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గిస్తుంది. 10 సెం.మీ.కి 360వ వంతు కావాలి. మీకు 20వ వంతు దగ్గర ఆగింది. అంటే ఇప్పుడు కనిపిస్తున్న పీక్‌లో వందకి 94 పాళ్లు సీసం లోపలిదో, సందుల్లోంచి దూరినదో. ఏదని తేల్చడానికి థాలియం-208 గీత 2614 చూడండి. దానికి 10 సెం.మీ. సీసం 120వ వంతు చేయాలి. 2614 కూడా 20వ వంతు దగ్గరే ఆగిపోతే ఇటుకల మధ్య సందు, లేదా కేబుల్ వచ్చే కన్నం తిన్నగా క్రిస్టల్‌ని చూస్తోంది. ఇటుకల వరసలు ఒకదాని మీద ఒకటి అతుకులు కలవకుండా మార్చి పేర్చండి, కేబుల్‌ని ఒక మలుపు తిప్పి తీయండి. 2614 బాగానే దిగి 1460 ఒక్కటే మొండికేస్తే పొటాషియం లోపల ఉన్నట్టు. మొదటి అనుమానం పీఎంటీ గాజు మీద. మామూలు బోరోసిలికేట్ గాజులో పొటాషియం కలిసే ఉంటుంది.

15 సెం.మీ. ఎందుకు వద్దంటే, నేలమట్టంలో మ్యూయాన్లు చదరపు సెంటీమీటరుకి నిమిషానికి ఒకటి చొప్పున పడతాయి. అవి సీసంలోనే న్యూట్రాన్లనూ గామాలనూ పుట్టిస్తాయి. 10–15 తర్వాత బయటిది ఆపే లాభం కంటే లోపల పుట్టే నష్టం ఎక్కువ. పైగా మామూలు సీసంలో లెడ్-210 ఉంటుంది, అర్ధాయువు 22 ఏళ్లు. దాని కూతురు బిస్మత్-210 బీటా 1.16 ఎంఈవీ దాకా పోతుంది, ఆ ఎలక్ట్రాన్లు సీసంలో ఆగేటప్పుడు పుట్టే బ్రెమ్స్‌స్ట్రాలుంగ్ 500 కేఈవీ కింద అంతా పరుచుకుంటుంది. కిలోకి పదుల నుంచి వందల బెక్వెరెల్ ఉండటం మామూలు. లోపలి 2–5 సెం.మీ.కి మాత్రం లెడ్-210 తక్కువగా ఉన్నదని సర్టిఫికెట్ ఉన్న సీసం వాడితే చాలు, బయటి వరసలకి ఏదైనా పర్లేదు. అనాయిస్ (డామా ఫలితాన్ని పరీక్షించే స్పెయిన్ ప్రయోగం) వాళ్లు లోపల 10 సెం.మీ. పురాతన రోమన్ సీసం, దాని బయట 20 సెం.మీ. తక్కువ యాక్టివిటీ సీసం పెట్టారు. రెండు వేల ఏళ్లలో లెడ్-210 తొంభై సగాలయింది మరి.

లోపల గాలి ఖాళీ ఎంత? 352, 609 కేఈవీ పీకులు రోజులో పైకీ కిందకీ ఊగుతుంటే అది రాడాన్. ఖాళీని అట్టపెట్టెతో కాదు, అక్రిలిక్ దిమ్మలతో నింపండి, ద్రవ నైట్రోజన్ పాత్ర నుంచి ఆవిరయ్యే వాయువు నిమిషానికి 1–2 లీటర్లు లోపలికి వదలండి. చిన్న గదైతే ఆక్సిజన్ మానిటర్ తప్పనిసరి.

ఆల్ఫాబీటా:

పైన ఇద్దరూ చెప్పింది సరే. నాయిస్ పోయాక మిగిలేది క్రిస్టల్ లోపలిది, దాని గురించి చెప్తాను.

సహజ పొటాషియం గ్రాముకి 31 బెక్వెరెల్. కిలో క్రిస్టల్‌లో 1 పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) పొటాషియం అంటే రోజుకి 2.7 విఘటనలు. అందులో 10.7 శాతం ఎలక్ట్రాన్ క్యాప్చర్ దారిలో పోయి 1460 గామా వదులుతాయి, వెంటనే ఆర్గాన్ పరమాణువు 3.2 కేఈవీ వదులుతుంది. గామా తప్పించుకుంటే క్రిస్టల్‌కి కనబడేది 3.2 కేఈవీ ఒక్కటే, అదీ సరిగ్గా డార్క్ మ్యాటర్ వెతికే చోట. మీ సైజు క్రిస్టల్‌లో సగం గామాలు తప్పించుకుంటాయి. మామూలు క్రిస్టల్‌లో 500 పీపీబీ ఉందనుకున్నా లెక్క కిలోకి రోజుకి 75 లోపే తేలుతుంది. మీ 5000కి ఇది కారణం కాదు, కానీ తర్వాతి గోడ ఇదే.

దీన్ని పట్టుకోవాలంటే పక్కనే ఇంకో సోడియం అయొడైడ్ పెట్టి, దానిలో 1460 పడిన క్షణంలో మీ క్రిస్టల్‌లో ఏముందో చూడండి. 3.2 దగ్గర పీక్ లేస్తే అదే కాలిబ్రేషన్ బిందువు కూడా, ఊరికే దొరికినట్టు. కొసైన్-100 (ఇలాంటిదే కొరియా ప్రయోగం) వాళ్లు క్రిస్టళ్లని దాదాపు 2000 లీటర్ల లిక్విడ్ సింటిలేటర్‌లో (రేడియేషన్ తగిలితే వెలిగే ద్రవం) ముంచింది ఇలాంటి గామాలని పట్టి, ఆ ఈవెంట్లని తీసేయడానికే.

క్రిస్టల్‌లో లెడ్-210 ఎంతుందో తెలియాలంటే కిందికి కాదు, పైకి చూడండి. పొలోనియం-210 ఆల్ఫా 5.3 ఎంఈవీది, కానీ ఆల్ఫాకి వెలుగు తక్కువ కాబట్టి స్పెక్ట్రమ్‌లో 3 ఎంఈవీ చుట్టుపక్కల కనిపిస్తుంది. సహజ గామాల్లో చెప్పుకోదగ్గ చివరి గీత 2614 కనుక ఆ చోటు ఖాళీ. నేలమట్టంలో మ్యూయాన్లు అంచులు గీసుకుంటూ పోయి అక్కడ కొన్ని పడతాయి, అయితే ఆల్ఫా పల్సు త్వరగా ఆరుతుంది, డిజిటైజర్ ఉంటే విడిపోతుంది. ఆ రేటే లెడ్-210 రేటు, క్రిస్టల్ తయారై ఏడాదిన్నర దాటి ఉంటే. కొత్తదైతే పొలోనియం ఇంకా పెరుగుతూ ఉంటుంది (అర్ధాయువు 138 రోజులు), తక్కువ చూపించి మురిపిస్తుంది.

క్రిస్టల్ విమానంలో వచ్చిందా? అయితే మొదటి కొన్ని నెలలు 67 కేఈవీ దగ్గర పీక్ ఉంటుంది: కాస్మిక్ కిరణాలు పుట్టించిన అయొడిన్-125, అర్ధాయువు 59 రోజులు. దానికి సీసంతో సంబంధం లేదు. ట్రిషియం కూడా పుడుతుంది, అది 12 ఏళ్లది, 18.6 కేఈవీ దాకా పరుచుకునే బీటా. అది పోదు.

అన్నిటికంటే ముందు మీ కాలిబ్రేషన్ మార్చండి. సోడియం అయొడైడ్ వెలుగు శక్తికి అనుపాతంలో ఉండదు. 10 కేఈవీ దగ్గర కేఈవీకి వచ్చే వెలుగు 662 దగ్గరి కంటే పదిహేను శాతం అటూఇటూ ఎక్కువ, మధ్యలో 33 కేఈవీ దగ్గర అయొడిన్ కె-అంచు వల్ల ఒక పల్లం. మీరు 6 అనుకుంటున్నది నిజానికి 5 చిల్లర. అమెరీషియం-241 59.5, సీజియం-137 సోర్సు నుంచే వచ్చే బేరియం ఎక్స్‌రే 32, కాడ్మియం-109 22 వాడి, 60 కింద విడిగా గీత గీయండి.

స్ఫటికం33:

సాకెట్ దగ్గర నల్ల టేపు వేసి, ఒక రోజు చీకట్లో ఉంచి, డిజిటైజర్‌తో మళ్లీ తీశాను. రెండు నిష్పత్తుల కట్ పెట్టాక 6–10 కేఈవీలో 300కి దిగింది, దాదాపు చదును. 5 కింద ఇంకా నిటారే. 2614 దాదాపు 100వ వంతుకి దిగింది, కాబట్టి సందులు లేవు, పొటాషియం లోపలిదే. మరి మాడ్యులేషన్ ప్రశ్న?

జూన్2:

కాగితం మీదే తేల్చేయొచ్చు. డామా చెప్పే ఆంప్లిట్యూడ్ 2–6 కేఈవీలో కేఈవీకి, కిలోకి, రోజుకి 0.01. మీ 1.27 కిలోలకి, 4 కేఈవీ వెడల్పుకి: రోజుకి 0.05 కౌంటు. బ్యాక్‌గ్రౌండ్ 2–6లో కూడా 300కే తెచ్చారనుకుంటే రోజుకి సుమారు 1500 కౌంట్లు. ఆంప్లిట్యూడ్ మీద ఎర్రర్ అంటే, రోజు కౌంట్లని రెండుతో గుణించి, రోజుల సంఖ్యతో భాగించి, వర్గమూలం. ఏడాదికి 2.9 వస్తుంది. 0.05ని 2.9లో వెతకాలి. ఒక్క సిగ్మా రావడానికి (అంటే సిగ్నల్ ఎర్రర్‌తో సమానం కావడానికే) మూడు వేల ఏళ్లు పైనే. డామా అంత శుభ్రంగా, కేఈవీకి 1 చొప్పున ఉన్నా ఈ బరువుతో ఒక సిగ్మాకి పదేళ్లు. అక్కడ 250 కిలోలుంది కాబట్టే కుదిరింది.

అంతకంటే ముందు మీకు దొంగ మాడ్యులేషన్ కనిపిస్తుంది, అది గ్యారంటీ. క్రిస్టల్ వెలుగూ పీఎంటీ గెయినూ కలిపి డిగ్రీకి 0.7 శాతం మారతాయనుకోండి. వేసవికీ చలికాలానికీ గదిలో 5 డిగ్రీల తేడా ఉంటే 3.5 శాతం. 2 కేఈవీ త్రెషోల్డ్ 0.07 కేఈవీ జరిగింది. నాయిస్ 2 నుంచి 3 కేఈవీకి పదో వంతయ్యేంత నిటారుగా ఉంటే, ఆ కాస్త జరుగుడుకే త్రెషోల్డ్ దగ్గర రేటు 17 శాతం మారుతుంది. కాలం కూడా ఏడాదే! రాడానూ ఏడాది లయలో ఊగుతుంది, మ్యూయాన్లూ ఊగుతాయి (నేలమట్టంలో వేసవిలో తగ్గుతాయి: వాతావరణం ఉబ్బి అవి పుట్టే ఎత్తు పెరుగుతుంది, దారిలోనే ఎక్కువ విఘటన చెందుతాయి). హై వోల్టేజీ కూడా చూసుకోండి, 1000 వోల్టుల దగ్గర ఒక్క వోల్టు జరిగితే గెయిన్ 0.7 శాతం జరుగుతుంది. రోజూ అమెరీషియం గీత స్థానం రాసుకుని ఆ రోజు డేటాని దాంతో సరిచేయండి.

సిగ్నల్ ఎక్కడ ఉండాలో కూడా చూడండి. 100 జీఈవీ బరువున్న (ప్రోటాన్‌కి దాదాపు వంద రెట్లు) డార్క్ మ్యాటర్ కణం సెకనుకి 220 కి.మీ. వేగంతో అయొడిన్ కేంద్రకాన్ని తిన్నగా కొడితే గరిష్ఠంగా 27 కేఈవీ ఇస్తుంది. కేంద్రకం వెనుదన్నుకి వెలుగు తక్కువ. డామా వాడే క్వెంచింగ్ (అంతే శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌తో పోలిస్తే వచ్చే వెలుగు నిష్పత్తి) 0.09 ప్రకారం కనిపించేది 2.4 కేఈవీ. సోడియం అయితే 16 కేఈవీ, 0.3తో 4.7. ఇటీవలి కొలతల్లో సోడియం క్వెంచింగ్ 0.3 కంటే తక్కువ వస్తోంది, అంటే సిగ్నల్ ఇంకా కిందికి పోతుంది. మీ 5 కేఈవీ త్రెషోల్డ్ కింద అంతా దాగిపోతుంది.

విశ్లేషణ అలవాటు చేసుకోవాలంటే ఒక మాట: ఏడాది సగటు తీసేసి మిగిలినదాన్ని కొసైన్ వక్రరేఖతో ఫిట్ చేయకండి. క్రిస్టల్ బ్యాక్‌గ్రౌండ్ నెమ్మదిగా ఆరుతుంటే ఆ సగటు తీసివేతే రంపపు పళ్లలాంటి మాడ్యులేషన్ సృష్టిస్తుంది. డామా పద్ధతినే కొసైన్-100 డేటా మీద వాడి చూస్తే మాడ్యులేషన్ వచ్చింది, కానీ ఫేజ్ తలకిందులు. స్థిర భాగం, ఎక్స్‌పొనెన్షియల్ తరుగుదల, కొసైన్ మూడూ ఒకే ఫిట్‌లో పెట్టండి. అనాయిస్-112, కొసైన్-100 రెండూ అలాగే చేసి, అదే పదార్థంతో, డామా ఆంప్లిట్యూడ్‌ని 3 సిగ్మాకు పైగా కాదన్నాయి. నా మట్టుకు ఆ కథ ఇంచుమించు ముగిసినట్టే. క్వెంచింగ్ క్రిస్టల్‌ని బట్టి మారుతుందా అన్న సందు మాత్రం మిగిలింది.

స్ఫటికం33:

అర్థమైంది. 5–10 మీదే పని చేస్తాను. మ్యూయాన్ల తర్వాత అనాయిస్ 1 సెకను డేటా వదిలేస్తుందని చదివాను, నేనూ అంతే పెట్టాలా? మ్యూయాన్లని పట్టడానికి పైన 60 × 60 సెం.మీ. ప్లాస్టిక్ సింటిలేటర్ ప్యానెల్ పెట్టే ఆలోచన ఉంది.

నిశ్శబ్దకణం:

వాళ్లు కొండ కింద ఉన్నారు, మీరు నేల మీద. క్రిస్టల్ పై ముఖం 46 చదరపు సెం.మీ., సెకనుకి 0.76 మ్యూయాన్లు. ఒక్కోదానికి 1 సెకను వదిలితే సగం డేటా కూడా మిగలదు. ప్యానెల్ పలికిన ప్రతిసారీ వదిలితే ఇక చెప్పక్కర్లేదు, దాని మీద సెకనుకి 60 పడతాయి.

రెండు వీటోలు విడివిడిగా పెట్టండి. ప్యానెల్ పలికితే 20 మైక్రోసెకన్లు, దాని నష్టం 0.1 శాతం. క్రిస్టల్‌లోనే 10 ఎంఈవీ దాటిన పల్సు వస్తే 50 మిల్లీసెకన్లు, నష్టం 4 శాతం. ఆ 50ని గుడ్డిగా తీసుకోకండి. మ్యూయాన్ తర్వాత గడిచిన సమయాన్ని బట్టి ఒంటరి ఫోటోఎలక్ట్రాన్ రేటు గీసి, మామూలు స్థాయికి ఎక్కడ దిగితే అక్కడ పెట్టండి. ప్యానెల్ మందం 5 సెం.మీ. ఉంటే మ్యూయాన్ 10 ఎంఈవీ వదులుతుంది, గది గామాల 2.6కి చాలా పైన నిలుస్తుంది, త్రెషోల్డ్ 5 దగ్గర పెట్టుకోవచ్చు. 1 సెం.మీ. పలకతో రెండూ కలిసిపోతాయి.